సోఫాలో ఎవరు కూర్చున్నారో చూసి మార్కులేయండి: నాటక పరిషత్తుల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు,

నమస్కారం. నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో మీరు ముందు వరసలో కూర్చుంటారు, నేను మీ వెనక ఎక్కడో కూర్చుంటాను. నటుణ్ణి కాదు, రచయితనీ కాదు, ఏ నాట్య సమాజంలోనూ సభ్యుణ్ణి కాదు. కాబట్టి బహుమతి రాలేదన్న ఉక్రోషంతో రాస్తున్న ఉత్తరమేమోనని అనుమానపడనక్కర్లేదు. కుటుంబం, ఆస్తి, హోదా, లేమి చుట్టూ తిరిగే సాంఘిక నాటికలకు మీరు మార్కులు వేసే తీరు మీద నాకో ఫిర్యాదు ఉంది. పోటీకొచ్చే వాటిలో సగానికి సగం ఇలాంటి నాటికలే గనక ఇది చిన్న ఫిర్యాదేమీ కాదు.

ఫిర్యాదు ఇదీ. ఈ నాటికల్లో పేదరికం గురించి ఎవరు బాగా మాట్లాడారో చూసి మార్కులేస్తున్నారు. ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడాని స్టేజీ మీద ఎవరు చూపించారో చూడటం లేదు.

ఒక నాటిక సంగతి చెబుతాను. పేరూ ఊరూ వద్దు, వాటితో పని లేదు. రిటైరైన తండ్రి, ఇల్లు అమ్మి వాటాలు పంచమని పట్టుబట్టిన ఇద్దరు కొడుకులు, ఆ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఒక మనిషి. పెద్దకొడుకు చదువు కోసం ఒకప్పుడు ఆవిడ చిట్టీ పాడుకున్న డబ్బు అప్పు తీసుకున్నారు. తిరిగివ్వలేదు, ఇంట్లో అందరూ మర్చిపోయారు. కథ కొత్తదేం కాదు, మీరూ నేనూ ఇలాంటివి బోలెడు చూశాం. సంభాషణలూ అంతంతమాత్రమే.

కానీ ఆ పనిమనిషి వేషం వేసిన నటి చేసిన పని నాకింకా కళ్ల ముందుంది. అన్నదమ్ములు వాదించుకుంటుంటే ఆవిడ వంగి చీపురుతో ఊడుస్తోంది. చీపురు సోఫా దగ్గరికి రాగానే చిన్నకొడుకు రెండు కాళ్లూ పైకెత్తాడు. ఆవిడ వైపు చూడలేదు, మాట ఆపలేదు. ఆవిడ కాళ్ల కింద ఊడ్చింది, అతను కాళ్లు దించాడు. అంతే. ఆ ఇంట్లో ఎవరి లెక్క ఎంతో అక్కడ తేలిపోయింది. కాసేపటికి ‘ఇల్లు అమ్మేద్దాం’ అన్న మాట పడినప్పుడు, కప్పులు సర్దుతున్న ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఆ ఇల్లు అమ్ముడైతే ముందు పోయేది తన పని. అడిగే హక్కు లేదు. ఆ రెండూ ఆ ఆగిన చేతిలోనే ఉన్నాయి. చివర్లో కోడలు జాలిపడి ‘కూర్చో’ అంటే, ఆవిడ ముందు నేల వైపు చూసింది, తర్వాత సోఫా అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది. లోపల్నించి పెద్దాయన దగ్గు వినపడగానే లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు.

ఆ పోటీలో ఉత్తమ నటుడి బహుమతి గుండె పట్టుకుని సుదీర్ఘంగా మాట్లాడి కుప్పకూలిన తండ్రికి వచ్చింది. ఆయన బాగానే చేశాడు, కాదనను. ఆవిడకి మాత్రం జ్యూరీ ప్రత్యేక బహుమతి కూడా దక్కలేదు. ఎందుకని ఆలోచిస్తే నాకు తట్టిన జవాబు ఒకటే: ఆవిడకి డైలాగుల్లేవు.

మన నాటకానికి వాచికం మీద, అంటే మాటతో చేసే అభినయం మీద మోజు ఎక్కువ. దాని వెనక కారణం ఉంది. పద్యనాటకం మన చెవుల్ని తయారుచేసింది. రాగం తీస్తే ‘వన్స్ మోర్’ కొట్టిన జనం మనం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి ఇన్నేళ్ల పోటీల్లో సాంఘిక నాటకం ఎంత పెరిగినా ఆ చెవి మారలేదు. పద్యం పోయింది, దాని స్థానంలోకి పేజీన్నర స్వగతం వచ్చింది. అభినయం నాలుగు రకాలని మనమే చెప్పుకుంటాం. మార్కుల దగ్గరికొచ్చేసరికి ఆంగికం (ఒంటి కదలిక), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) మూడూ కలిసినా ఒక వాచికానికి సరితూగవు. వీరరసానికి ఇది సరిపోతుందేమో గానీ వర్గభేదం కథావస్తువైనప్పుడు అస్సలు పనికిరాదు. లేనివాళ్లకి ఉన్నవాళ్ల ఇంట్లో మాట్లాడే వీలుండదు. వాళ్ల బతుకంతా నిలబడే తీరులో, పక్కకి తప్పుకునే తీరులో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నలుపుకునే తీరులో ఉంటుంది. మాటకే మార్కులంటే, మాట్లాడే అధికారం ఉన్న పాత్రకే మార్కులు. నాటిక ఏ అన్యాయాన్ని నిలదీస్తోందో, మార్కుల కాగితం మీద అదే అన్యాయం జరుగుతోంది.

మైకుల సంగతీ ఇక్కడే చెప్పాలి. మన వేదికల మీద పైనుంచి వేలాడే మైకులో, ముందు పెట్టే ఫుట్‌మైకులో ఉంటాయి. నటులంతా వాటి కిందికే చేరతారు. దర్శకుడు పనివాణ్ణి పాత్రోచితంగా గుమ్మం పక్కన, వెనక నిలబెట్టాడనుకోండి, ఆ నటుడి మాట సగం మీకు చేరదు. ‘వాచికం బలహీనం’ అని రాసేస్తారు. ఇది తెలిసిన దర్శకులు ఏం చేస్తున్నారో చూడండి: పాలేరుని కూడా యజమాని పక్కకి, సరిగ్గా మైకు కిందికి తీసుకొచ్చి నిలబెడుతున్నారు. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ వర్గ వైషమ్యం గురించి వాదించుకుంటారు! అంత సమానత్వం ఉన్న ఇంట్లో ఇక గొడవ దేనికి?

భరతుడు ఈ విషయంలో మనకన్నా జాగ్రత్తపరుడు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రదర్శన సిద్ధించిందో లేదో తేల్చే ప్రాశ్నికుల గురించి చెప్పాడు. ప్రాశ్నికులంటే మీరే, ఆనాటి న్యాయనిర్ణేతలు. ఒక్కో విషయానికి ఒక్కో ఎరిగినవాణ్ణి పెట్టమన్నాడు. యజ్ఞం సంగతికి యజ్ఞవేత్త, అభినయానికి నర్తకుడు, వృత్తాలకి ఛందస్సు తెలిసినవాడు, పాఠ్యానికి వ్యాకరణవేత్త, నిలకడకీ సౌష్ఠవానికీ విలుకాడు, నేపథ్యానికి, అంటే వేషాలంకరణకి చిత్రకారుడు, శృంగారోపచారాలకి వేశ్య, స్వరానికి సంగీతం తెలిసినవాడు. రాజు కూడా ఉన్నాడు. ఆ రాజుతో పాటు అదే వరసలో రాజసేవకుడూ ఉన్నాడు. ఉపచారం, అంటే ఒకరు మరొకరి ముందు మెలిగే పద్ధతి, స్టేజీ మీద సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది సేవకుడే అన్నాడు. రాజుకి ఆ సంగతి తెలియదని భరతుడికి తెలుసు. సేవ చేయించుకునేవాడు సేవని చూడడు. పైన చెప్పిన చిన్నకొడుకు కాళ్లెత్తినట్టు, చూడకుండానే వాడుకుంటాడు.

మీ ప్యానెళ్లలో ఎవరుంటున్నారు? రిటైరైన అధ్యాపకులు, సీనియర్ నటులు, రచయితలు, అప్పుడప్పుడు సినిమా వాళ్లు. అందరూ పెద్దవాళ్లే, విద్వత్తు ఉన్నవాళ్లే. వాళ్లలో ఎవరినీ తీసెయ్యమనడం లేదు. మరి ఆ రాజసేవకుడి కుర్చీ ఏమైంది? ఇళ్లలో పనిచేసే మనిషినో, ఆటో నడిపే మనిషినో, ఆఫీసులో అటెండరునో ఒకరిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఉత్తమ రచన ఏదో ఆ మనిషిని అడగొద్దు. ‘వీళ్లు నీలా నిలబడ్డారా, నీ దొరలు ఇలాగే మాట్లాడతారా’ అని మాత్రం అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు ముందు మన విమర్శ పుస్తకాలు చాలామటుకు నిలవవు. నవ్వులాటకి అంటున్నానని కొట్టిపారేయకండి. శాస్త్రప్రమాణం చూపించి మరీ అడుగుతున్నాను.

ఇక రంగాలంకరణ. కుటుంబ నాటిక అనగానే మధ్యలో సోఫా, ముందు టీపాయ్, వెనక గుమ్మానికి కర్టెను, గోడకి దేవుడి పటం. కోటీశ్వరుడి ఇల్లయితే సోఫా మీద మెరిసే గుడ్డ, గుమాస్తా ఇల్లయితే అదే సోఫా మీద వెలిసిన దుప్పటి. ఖర్చు సంగతి నాకు తెలుసు. లారీ మీద సెట్టు తెచ్చుకుని, ముందు నాటిక దిగీ దిగకముందే నిలబెట్టి, గంట తిరక్కుండా విప్పుకుని వెళ్లాలి. అందుకని ఖరీదైన సెట్టుకి మార్కులేయమని అడగడం లేదు. సెట్టు ఆలోచించిందా అని చూడమంటున్నాను. ఇంగ్లీషు నాటక రచయిత ప్రీస్ట్లీ 1945లో రాసిన ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ ఒక ఫ్యాక్టరీ యజమాని ఇంట్లో ఒక్క రాత్రి జరిగే కథ. పనిలోంచి తీసేసిన ఒక అమ్మాయి చావు వెనక ఆ ఇంట్లో ఎవరెవరి చెయ్యి ఎంతుందో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. 1992లో లండన్ నేషనల్ థియేటర్‌కి దర్శకుడు స్టీఫెన్ డాల్డ్రీ దాన్ని చేసినప్పుడు, ఆ ఇంటిని వీధికి పైన ఎత్తు మీద బొమ్మరిల్లులా నిలబెట్టారు. లోపల విందు, కింద వీధిలో వాన. చివరికి ఆ ఇల్లే ముందుకి ఒరిగి కూలుతుంది. అంత యంత్రాంగం మన దగ్గర లేదు, అక్కర్లేదు కూడా. ఎత్తు అన్న ఆలోచనకి డబ్బు కావాలా? రెండు చెక్కబల్లలు చాలు. పైన ఎవరు, కింద ఎవరు, మెట్టు ఎక్కడానికి ఎవరు సందేహిస్తున్నారు అన్నది దర్శకుడికి తట్టిందా లేదా? తడితే మార్కు వేయండి.

లైటింగూ అంతే. ప్రీస్ట్లీ నాటకం మొదట్లోనే రాసిపెట్టాడు: ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా వెలుతురు గులాబీ రంగులో మెత్తగా ఉండాలి, అతను రాగానే ప్రకాశంగా, కటువుగా మారాలి. డబ్బున్న కుటుంబం తన గురించి తాను అనుకునేది ఒక వెలుతురు, బయటివాడికి కనపడేది ఇంకో వెలుతురు. ఒక్క మార్పులో నాటకం సారాంశమంతా ఉంది. మన దగ్గరేమో కోపానికి ఎరుపు, ఏడుపుకి నీలం. దానికే లైటింగు బహుమతి.

మేకప్ గురించి కాస్త కోపంగానే రాయాలి. బీద పాత్ర అనగానే మొహానికి నల్లరంగు పూసే అలవాటు ఇంకా పోలేదు. యజమాని తెల్లగా, పనివాడు నల్లగా. ఎవరు చెప్పారండీ ఈ లెక్క? దానికి తోడు కొత్త చొక్కాకి కావాలని వేసిన రంగురంగుల మాసికలు. నిజంగా లేనివాళ్లు నలుగురిలోకి వచ్చేటప్పుడు ఉన్నంతలో శుభ్రమైన గుడ్డ కట్టుకుంటారు. యజమాని ఇచ్చిన పాత చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతుంటుంది చూడండి, అది ఆహార్యం. అది నేను ఒకే ఒక్క నాటికలో చూశాను. నల్లరంగు పూసిన చోట ఆహార్యానికి సున్నా వేయండి. రెండు సీజన్లలో ఆ అలవాటు పోతుంది.

భాష దగ్గర మీ బాధ్యత ఇంకా ఎక్కువ. 1892లో విజయనగరంలో మొదట ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం మాటకీ, బుచ్చమ్మ మాటకీ, నౌకరు అసిరిగాడి మాటకీ పోలిక ఉండదు. ఎవరి నోట ఏ పలుకుబడి వస్తుందో గురజాడ ఒక్కొక్కరికీ విడిగా విని రాశాడు. ఆ నాటకం ఇంతకాలం నిలబడటానికి అదొక పెద్ద కారణం. ఆ వారసత్వం మనకుండగా, ఇవాళ్టి నాటికల్లో యాస ఒక్కరికే ఉంటోంది: పనివాడికి. అది కూడా నవ్వించడానికి. ఇంటి యజమానికి ఊరూ పేరూ లేని పత్రికా భాష, వంటమనిషికి మాత్రం ఉత్తరాంధ్ర యాసో, తెలంగాణ యాసో, రాయలసీమ యాసో. హాలు గొల్లుమంటుంది, ఉత్తమ హాస్యనటుడి బహుమతి అటు వెళ్తుంది. ఆ నవ్వు దేనికో ఒకసారి ఆలోచించండి. జోకుకి నవ్వారా, ఆ పలుకుబడికే నవ్వారా? పలుకుబడికే అయితే, వర్గభేదం తప్పని చెప్పే నాటిక ఆ భేదం మీదే చప్పట్లు ఏరుకుంటోంది. యజమానికీ ఒక యాస ఉండాలి, బట్లర్ ఇంగ్లీషుతో బడాయిపోయే కొడుక్కీ ఉండాలి. అందరికీ ఉంటే అది భాష, ఒకరికే ఉంటే వెక్కిరింత. నవ్వు బలంగా వచ్చిందన్న కారణంతో మార్కులు వేయకండి. ప్రేక్షకుల్లో నేనూ ఒకణ్ణే గనక ఈ మాట అనే హక్కు నాకుంది: మేం నవ్వినవన్నీ మంచివి కావు.

ముగింపుల దగ్గరికొద్దాం. పోటీ నాటికల్లో నూటికి తొంభై ఒకేలా ముగుస్తాయి. (లెక్కపెట్టలేదు, విసుగుతో అంటున్నాను.) ఆఖరి ఐదు నిమిషాల్లో ఒక ఉత్తరమో, డైరీయో, ఆస్పత్రి నుంచి ఫోనో వస్తుంది. కఠినాత్ముడైన యజమాని కళ్లు తెరుచుకుంటాయి, అందరూ అందరి కాళ్ల మీదా పడతారు, వయొలిన్ మోగుతుంది, కర్టెను. బయటికొస్తూ కళ్లు తుడుచుకుంటాం.

ఇలాంటి ముగింపు కోసం ఒత్తిడి ఇప్పటిది కాదు, మన ఒక్కరిదీ కాదు. నార్వే నాటక రచయిత ఇబ్సెన్ 1879లో ‘ఎ డాల్స్ హౌస్’ రాశాడు. చివర్లో నోరా భర్తనీ పిల్లల్నీ వదిలి ఇల్లు దాటి వెళ్లిపోతుంది. జర్మనీలో ఆ పాత్ర వేయాల్సిన పేరున్న నటి, పిల్లల్ని వదిలి వెళ్లే తల్లిగా తాను నటించనంది. వేరేవాళ్లెవరో తన నాటకాన్ని పాడుచేసే బదులు తనే పాడుచేసుకోవడం మేలని ఇబ్సెన్ 1880లో ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో భర్త ఆమెని పిల్లల గది దాకా లాక్కొస్తాడు, ఆమె అక్కడే కూలబడి ఉండిపోతుంది. ఆ ముగింపు తన నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యమని రాసినాయనే అన్నాడు. ఇప్పుడు దాన్ని ఆడేవాళ్లు చాలా అరుదు.

మన రచయితలకి అలా పట్టుబట్టే తారలెవరూ లేరు. వాళ్లు రాసేది మీ కోసం. కలిసిపోయే ముగింపుకి బహుమతి వస్తుందని తెలుసు గనక కలిపేస్తారు. ఒక నాటక సమాజం వాళ్లు నాతో చెప్పింది విని చాలాసేపు మాటరాలేదు. మొదట రాసుకున్న ముగింపులో పనివాడు తన జీతం బాకీ లెక్కగట్టి అడుగుతాడట. ‘నెగటివ్‌గా ఉంది, జడ్జీలకి నచ్చదు’ అని మార్చేసి, వాడి చేత యజమానికి దండం పెట్టించారట. మీరు అడగకపోయినా మీ పేరు మీద జరిగిన మార్పు అది.

కలయిక తప్పని నేననను. కుటుంబాలు కలుస్తాయి, మనుషులు మారతారు. దాన్ని కొలవడానికి మాత్రం మీకు ఒక తేలిక ఉపాయం చెబుతాను: ఆఖరి ఐదు నిమిషాల్లో కన్నీళ్లు కాకుండా ఇంకేమైనా చేతులు మారిందా చూడండి. తీసుకున్న చిట్టీ డబ్బు తిరిగొచ్చిందా? కాగితం మీద పేరు మారిందా? కనీసం కుర్చీ ఖాళీ చేసి ఎవరైనా పక్కకి లేచారా? ఏదీ జరక్కుండా యజమాని ఏడిస్తే, పనివాడు అతని కన్నీళ్లు తుడిస్తే, ఆ రోజు కూడా పని చేసింది పనివాడే.

దీనికి రెండో కొసన ఉన్న నాటికలనీ వెనకేసుకురాను. పాత్రలన్నీ ఒక్కసారిగా ప్రేక్షకుల వైపు తిరిగి, పిడికిళ్లు బిగించి, ఎర్రలైటులో ఉపన్యాసం ఇచ్చే ముగింపు కూడా అంతే బద్ధకం. అందులో యజమాని మనిషి కాడు, మీసాలున్న దిష్టిబొమ్మ. అతని భయమేమిటో, అప్పులేమిటో, కూతురి పెళ్లి విషయంలో అతను ఎవరి ముందు చేతులు కట్టుకున్నాడో చూపిస్తే కదా వర్గం అన్నది నిచ్చెనలా ఎన్ని మెట్లుందో తెలిసేది. మధ్యతరగతి ఇల్లు ఇందుకే మంచి వస్తువు. పైవాడి ముందు తల వంచిన చోటే, కిందివాడి ముందు కళ్లెర్ర చేస్తుంది. ఒకే నటుడి వెన్నెముక రెండు రకాలుగా వంగాలి. అది పట్టుకున్న నటుడికి ఎన్ని మార్కులేసినా తప్పులేదు.

మీ కష్టం నాకు తెలియక కాదు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా వరసగా నాటికలు, మధ్యలో సన్మానాలు, శాలువాలు, అతిథుల ప్రసంగాలు. మూడో నాటిక దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా కళ్లు వాలతాయి. వాలిన కళ్లకి చీపురు కనపడదు, గుండెపోటే కనపడుతుంది. ఆ తప్పు నిర్వాహకులది. రాత్రికి రెండే నాటికలు పెట్టమని, సన్మానాలు ఆఖరి రోజుకి తోసేయమని మీరు అడిగితే కాదనగలిగేవాళ్లు లేరు. మేమడిగితే వినరు.

ఒక నటే వరస రాత్రుల్లో మూడు నాలుగు సమాజాల తరఫున కనిపించడం కూడా లెక్కలోకి తీసుకోండి. ఆడవేషాలకి మనుషులు దొరకడం కష్టమై, ఊరూరూ తిరిగే ఆ కొద్దిమందే అన్ని పాత్రలూ మోస్తున్నారు. ఒక రోజు జమీందారు భార్య, మర్నాడు పాకీ మనిషి. రెండు నడకలూ వేరుగా ఉన్నాయా అని పోల్చి చూసే అవకాశం పోటీలోనే ఉంది, వాడుకోండి.

చివరిగా ఒక్క విన్నపం. ఫలితాలు ప్రకటించిన మర్నాడు పొద్దున, బస్సులు బయల్దేరకముందు, పాల్గొన్న సమాజాలతో రెండు గంటలు కూర్చోండి. ఏ పాత్రకి ఎందుకు మార్కులు వేశారో, ఏ కదలిక మీకు నచ్చిందో, ఎక్కడ అబద్ధమనిపించిందో మొహమాటం లేకుండా చెప్పండి. వాళ్లు ఎదురు చెబితే వినండి. మార్కుల కాగితం నకలు ప్రశంసాపత్రంతో పాటు వాళ్ల చేతికివ్వండి. నెలల తరబడి ఉద్యోగాలయ్యాక రాత్రుళ్లు రిహార్సల్సు చేసి, సొంత డబ్బు పెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. జ్ఞాపిక ఒక్కటే పట్టుకుని వెళ్తే, వచ్చే ఏడాది మళ్లీ అదే గుండెపోటు తెస్తారు.

ఈ సీజను నుంచే మొదలుపెడతారని ఆశిస్తూ,

ఇట్లు,
మీ వెనక వరసలో కూర్చునే ఒక ప్రేక్షకుడు